పుల్ల పొడిగానే ఉంది

చేతిరాత గుండ్రంగా ఉన్నందుకు నేను ఈ ప్రయాణంలో ఇరుక్కున్నాను.

నాన్నకు వరసకు తమ్ముడైన మా బాబాయి ముప్ఫై ఏళ్ళు సర్కారు లారీలు నడిపి రిటైరయ్యాడు. మరుసటి నెలలోనే ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నాడు. తారు రోడ్డు వదిలి అడవి బాటల్లో, ఇసుక తీరాల మీద తిరగాలని మెయిన్‌ల్యాండ్ నుంచి మా దీవులకు వచ్చేవాళ్ళను అందులో తిప్పాలని ఆయన కోరిక. ముందుగా తనే ఒకసారి వెళ్ళి, ఎక్కడ ఏ మలుపు, ఎంత దూరం, ఏ గంటకు ఏ తీరం మీద బండి నడుస్తుంది అన్నవన్నీ రాయించుకోవాలనుకున్నాడు. బాబాయి దీవిలోనే పుట్టినవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, చదవడం దుకాణం బోర్డు దగ్గరే ఆగిపోతుంది. అందుకని డెలానీపూర్‌లో మా ఇంటికొచ్చి, స్కూల్లో తెలుగు చెప్పే మా నాన్నతో అన్నాడు:

"అన్నయ్యా, నీ కూతురు రోజూ ఏటో రాస్తాది కదా. ఆ రాసేదేటో నా జీపులో కూకొని రాయమను."

నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. నాలుగు చోట్లు తిరిగితే నా నోరు పెగులుతుందని ఆయన ఆశ. నాకు నీళ్ళంటే భయం, ఎత్తంటే భయం, కొత్తవాళ్ళంటే ఇంకా భయం. చుట్టూ సముద్రమే ఉన్న ఊళ్ళో పుట్టి నీళ్ళంటే భయమేమిటని అందరూ నవ్వుతారు. చుట్టూ ఉంది కాబట్టే భయం.

ఫిబ్రవరిలో ఒక గురువారం. తెల్లవారి ఐదుంబావుకు చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కాను. ఇరవై నిమిషాల్లో ఆవలి ఒడ్డు బాంబూఫ్లాట్. బాబాయి వాళ్ళ ఇల్లు అక్కడే. నా పక్కన కూరల బుట్టతో ఒకావిడ కూర్చుంది. సంచీని ఒళ్ళో పట్టుకొని రెయిలింగుకు దూరంగా ముడుచుకున్న నన్ను చూసి, "పహలీ బార్ క్యా, దీదీ?" అని అడిగింది. మొదటిసారా అని. నెలకు రెండుసార్లు ఆ ఫెర్రీ ఎక్కుతాను. అయినా తలూపేశాను.

బాంబూఫ్లాట్ జెట్టీ బయట జీపు సిద్ధంగా ఉంది. పిన్ని వెనక సీట్లో పులిహోర గిన్నె, ఎండుచేపల వేపుడు డబ్బా, దుప్పట్లు, నీళ్ళ క్యాన్లు సర్దుకొని కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి ఈ ప్రయాణానికి ఎందుకొస్తోందో నాకర్థం కాలేదు. అడిగితే, "మీ బాబాయిని ఒంటిగా ఒగ్గేస్తే జీపుకి తాళి కట్టేత్తాడే అమ్మలూ," అంది.

6.10కి కదిలాం. 7.40కి జిర్కటాంగ్ చెక్‌పోస్టు. ఇక్కడి నుంచి రోడ్డు ఆదివాసుల రక్షిత అడవిలోంచి పోతుంది. బళ్ళన్నీ పోలీసు బండి వెనక వరసగా కాన్వాయ్‌లో వెళ్ళాలి. మాకు దొరికింది తొమ్మిది గంటల కాన్వాయ్. గుర్తింపు కార్డులు చూపించి ఫారం నింపాక పూరీ, శనగల కూర తిన్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోవలసింది: దారిలో ఎక్కడా ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ఆ గంటన్నరా నేను డైరీ మూసి పెట్టుకున్నాను. ఎవరి ఇంట్లోంచో నడుస్తున్నప్పుడు తల దించుకొని నడవడం మర్యాద అనిపించింది.

10.35కి మిడిల్ స్ట్రెయిట్. బస్సులు, కార్లు, మనుషులు అందరూ ఒకే బల్లపరుపు ఫెర్రీ మీద జలసంధి దాటాలి. మా ముందు బస్సు ఎక్కగానే ఫెర్రీ ఒక పక్కకు ఒరిగినట్టయింది. నేను జీపు దిగి ఎటు పరిగెత్తాలో చూసుకున్నాను. పరిగెత్తడానికి చోటు లేదు. డెక్ మీద పనిచేసే మనిషి ఒకడు బస్సు వెనక చక్రం కింద కాలితో ఒక చెక్క దిమ్మ తోశాడు. బస్సు కదలకుండా అదొక్కటే ఆధారం. ఆవలి గట్టు వచ్చేదాకా నేను ఆ దిమ్మనే చూస్తూ నిలబడ్డాను.

బారాటాంగ్ దాటాక రెండో జలసంధి మీద ఇప్పుడు వంతెన ఉంది. కదంతలా తరువాత రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఒక మలుపులో రోడ్డుకు అడ్డంగా పెద్ద కొమ్మ పడి ఉండడం చూశాను. "బాబాయ్, ఆగండి!" అన్నాను. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. పులిహోర గిన్నె వచ్చి నా వీపుకు తగిలింది. చూస్తే అది కొమ్మ కాదు, పైనున్న చెట్టు నీడ.

రంగత్ వరకు ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. "నీడకి బ్రేకేయించిన గుంట!" అన్నాడు బాబాయి. రంగత్ హోటల్లో అన్నం వడ్డించే కుర్రాడికి కూడా చెప్పాడు. అతను నవ్వలేదు. "ఠీక్ హై దీదీ, హోతా హై," అని, అలా అవుతుంటుందని ఓదారుస్తూ నా ఆకులో ఇంకాస్త పప్పు వేశాడు. ఆ జాలి నన్ను మరింత కుంగదీసింది. మాయాబందర్ చేరేదాకా మళ్ళీ నోరెత్తలేదు.

4.50కి మాయాబందర్. మా దీవుల్లో పొద్దు త్వరగా వాలుతుంది. ఐదున్నరకు చీకటి. జెట్టీకి దగ్గరలో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. ఆ సాయంత్రం బాబాయి నా చేత ఆటుపోట్ల పట్టిక చదివించాడు. మరునాడు త్రయోదశి. మధ్యాహ్నం రెండింటికి సముద్రం పూర్తిగా వెనక్కి తగ్గుతుంది. దాన్ని మావాళ్ళు పాటు అంటారు. ఆ తరువాత పోటు మొదలవుతుంది. నేను రెంటి వేళలూ డైరీలో రాసి కింద గీత గీశాను.

"నాలుక్కల్లా వాపస్ వచ్చేద్దారి. బస్, సింపుల్," అన్నాడు బాబాయి.

శుక్రవారం 9.15కి బయల్దేరాం. పది గంటలకు తారు రోడ్డు అయిపోయింది.

ఒకప్పుడు కలప లాగిన బాట అది. రెండు చక్రాల గాడులు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. రెండు పక్కలా పడౌక్, గర్జన్ చెట్లు ఎంత ఎత్తంటే, కొమ్మలెక్కడ మొదలవుతాయో చూడాలంటే మెడ నొప్పెడుతుంది. వెలుతురు ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉంది. ఇది చూడదగ్గ దారే, ఒప్పుకుంటాను. కానీ దారి పక్కన నేల ఒక్కసారిగా జారిపోయి లోయవుతున్న చోట్ల నేను చూడలేదు. బాబాయి లో గేరు వేసి, జీపును ఒక్కో వేరు మీదుగా మెల్లగా దించాడు. ఒకచోట ఎడమ చక్రం గాలిలో తిరిగింది. పిన్ని దేవుడి పేర్లన్నీ చదివింది. నేను "10.42, ఎడమ వైపు గండి, నిదానం" అని రాశాను. గుండ్రని చేతిరాత కొక్కిరిబిక్కిరి గీతలైపోయింది.

11.30కి అటవీ శాఖ క్యాంపు. అనుమతి కాగితం చూపించాం. గార్డు పేరు జోసెఫ్, రాంచీ నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. రిజిస్టరులో లోపలికి వెళ్ళిన వేళ, బయటికి వచ్చే వేళ రాయించాడు. బాబాయి "నాలుగు" అన్నాడు, నేను రాశాను.

"ఇసుక పైభాగంలో బండి పెట్టొద్దు అంకుల్," అన్నాడు జోసెఫ్ హిందీలో. "తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. తడి ఇసుక మీదే నడపాలి. ఖాడీ దాటకపోతే ఇంకా మంచిది."

సముద్రం నీళ్ళు అడవిలోకి తోసుకొచ్చే కాలువను ఇక్కడ అందరూ ఖాడీ అంటారు.

"నాన్న పడవల మీద పెరిగాను భయ్యా. నీళ్ళ సంగతి నాకు సెప్తావా?" అని నవ్వాడు బాబాయి.

పన్నెండుంబావుకు చెట్లు విడిపోయి ఎదురుగా సముద్రం కనిపించింది. అంత ఖాళీ తీరం నేనెప్పుడూ చూడలేదు. మనిషి అడుగు ఒక్కటి లేదు. బాబాయి దిగి నాలుగు టైర్లలోనూ గాలి బాగా తగ్గించాడు. గాలి తగ్గిన టైరు వెడల్పై ఇసుకలో కూరుకుపోదట. తడి ఇసుక మీద జీపు చప్పుడు లేకుండా జారింది. ఆ అరగంటా నాకు భయం కొంచెం తగ్గిందని రాసుకున్నాను. అది నిజమే.

1.10కి ఖాడీ వచ్చింది. మడ చెట్ల మధ్యలోంచి వచ్చి, తీరాన్ని అడ్డంగా కోసి సముద్రంలో కలుస్తోంది. గట్టున తుప్పు పట్టిన బోర్డు: మొసళ్ళున్నాయి, నీళ్ళలో దిగరాదు.

బాబాయి బోర్డు వైపు చూడనైనా లేదు. లుంగీ ఎగ్గట్టి, చేతిలో వెదురు గెడతో ఆ ఒడ్డు దాకా నడిచి వచ్చాడు. నడిచి చూడని నీళ్ళలో బండి దించకూడదన్నది ఆయన నియమం. నీళ్ళు పిక్కల కింది వరకే ఉన్నాయి, తేటగా, అడుగున గులకరాళ్ళు కనిపిస్తూ. "రోడ్డు కన్నా నయం," అన్నాడు. దాటేశాం.

ఖాడీ ఆవల తీరం చిన్న నెలవంకలా ఒంగి, నల్లరాతి బండల దగ్గర ముగుస్తుంది. నీళ్ళు రంగు మార్చుకుంటూ పోతాయి, ముందు గాజులా, తరువాత లేత ఆకుపచ్చ, దూరాన ముదురు నీలం. బాబాయి జీపును బండల పక్కన ఆపి, ఒక పుల్ల తీసుకొని నీళ్ళ అంచుకు పదడుగుల పైన ఇసుకలో పాతాడు.

"మా నాన్న పడవ లాగి ఇలాగే పాతేవోడు. నీళ్ళొచ్చి పుల్లని ముట్టుకున్నాయంటే లేవాల. అందాకా ఆరాం."

పులిహోర తిన్నాం. 2.15కి బాబాయి జీపు నీడలో తువ్వాలు మొహాన కప్పుకొని పడుకున్నాడు. పిన్ని కాళ్ళు చాపుకొని గవ్వలు ఏరుకుంటోంది. నేను నా అలవాటు ప్రకారం ఒంటరిగా కూర్చోడానికి ఖాడీ గట్టు వైపు నడిచాను. నీళ్ళకు బాగా దూరంగా ఒక ఎండిన మొద్దు మీద కూర్చొని రాసుకోసాగాను.

ఖాడీలో మడ ఆకులు తేలుతున్నాయి. మేము వచ్చినప్పుడు అవి సముద్రం వైపు కొట్టుకుపోతుండడం చూశాను. ఇప్పుడు కదలకుండా ఉన్నాయి. కాసేపటికి ఒక పసుప్పచ్చటి ఆకు మెల్లగా తిరిగి అడవి వైపు బయల్దేరింది. దాని వెనక మరొకటి. డైరీలో రాశాను: "2.35. ఆకులు లోపలికి వెళ్తున్నాయి."

రాసి, బాబాయి పాతిన పుల్ల వైపు చూశాను. పొడిగానే ఉంది.

అప్పుడు లేచి వెళ్ళి చెప్పాలి. నాకు తెలుసు. బాబాయిని లేపాలి, ఆకులు అటు పోతున్నాయని చెప్పాలి, ఆయన పుల్ల చూపిస్తాడు, పిన్ని నవ్వుతుంది. నిన్న నీడకి, ఇవాళ ఆకులకి అంటారు. పడవల మీద పెరిగిన మనిషికి ఆకుల గురించి నేను చెప్పడమేమిటి? "2.50. గులకరాళ్ళు మసకగా ఉన్నాయి" అని రాశాను. "3.05. జీపు చక్రాల గుర్తు సగం మునిగింది" అని రాశాను. ప్రతిసారీ రాయగానే బాధ్యత తీరినట్టు ఒక తేలిక. ఆ తేలిక ఎంత ప్రమాదమో అప్పుడు తెలియలేదు.

3.40కి నేను కూర్చున్న మొద్దు కింద తడి తగిలింది. పరిగెత్తాను.

"బాబాయ్, ఖాడీ..." అన్నాను. చెయ్యి అటు చూపించాను.

ఆయన లేచి ముందు పుల్ల చూశాడు. నీళ్ళు ఇంకా దానికి మూడడుగుల దూరంలో ఉన్నాయి. "పుల్ల ఇంకా తడవనేదు కదే," అంటూ నా మొహం చూసి ఆగాడు. ముగ్గురం జీపులో ఖాడీ దగ్గరికి వచ్చాం. తేట నీళ్ళు లేవు, గులకరాళ్ళు లేవు. పాలు కలిపిన టీ రంగు నీళ్ళు, వెడల్పు రెండింతలై, చప్పుడు లేకుండా అడవిలోకి పోతున్నాయి. సముద్రం తీరాన్ని ఎక్కకముందే ఖాడీలోకి దూరిపోయింది.

బాబాయి గట్టున వంగి నీళ్ళ అంచు చూశాడు. తరువాత తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "పడవకైతే ఒడ్డే దారి. బండికి దారి ఇది. పుల్ల ఇక్కడ పాతాల."

పిన్ని ఏడవడం మొదలెట్టింది. "ఈ మోకాళ్ళేసుకొని నానెలా దాటుతానయ్యా?"

"నడిచి సూస్తాను. తొడ కన్నా తక్కువైతే లాగించేస్తాను. ఇంకో పావుగంటైతే అదీ నేదు." గెడ తీసుకున్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు బానెట్ ఎక్కు. నీళ్ళు సూస్తా ఉండు. ఏటైనా కదిల్తే అరిచెయ్," అన్నాడు.

బస్సులో నా స్టాపు వచ్చినా కండక్టరుకు చెప్పలేక తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచే మనిషిని నేను. బానెట్ వేడికి పాదాలు కాలుతున్నాయి. బాబాయి మోకాలి లోతుకు వెళ్ళాడు. తొడల లోతుకు వెళ్ళాడు. అడుగడుగుకూ గెడ గుచ్చి చూసుకుంటున్నాడు. లుంగీ నీళ్ళ మీద గొడుగులా విచ్చుకుంది.

నేను ఆకులను చూస్తున్నాను. అన్నీ ఒకే వేగంతో, ఎడమ నుంచి కుడికి, అడవి వైపు పోతున్నాయి. వాటి మధ్య మూరెడు పొడవున నల్లటి గరుకు గీత ఒకటి ఉంది. దుంగ అనుకున్నాను. నీడ అనుకున్నాను. నిన్నటి నవ్వు చెవుల్లో వినిపించింది. ఆకులు దాన్ని దాటి పోయాయి. అది వాటితో పోలేదు. ప్రవాహానికి అడ్డంగా, నీళ్ళు చెదరకుండా, బాబాయి ఉన్న వైపుకు వస్తోంది.

నోరు తెరిచాను. గొంతు రాలేదు. కలలో అరిచినట్టు గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి వచ్చింది.

"బాబాయ్! వెనక్కి రా! వెనక్కి రా!"

నేనెప్పుడూ ఆయన్ని రండి అనే పిలిచేదాన్ని. ఆ అరుపుకు మడ చెట్లలోంచి కొంగలు లేచాయి. బాబాయి ఎందుకని అడగలేదు, వెనక్కి చూడలేదు. గెడ వదిలేసి, నీళ్ళను చేతులతో చీల్చుకుంటూ వచ్చి గట్టు మీద బోర్లా పడ్డాడు. పిన్ని ఆయన చొక్కా పట్టుకొని జీపు దాకా ఈడ్చింది. ఆ మోకాళ్ళకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో.

తిరిగి చూస్తే గీత లేదు. గెడ ఒక్కటే ఆకులతో పాటు తేలిపోతోంది.

"దుంగేమోనే," అంది పిన్ని.

"దుంగైతే ఆకులతో పాటే పోయేది, పిన్నీ," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

5.05కి ఆవలి గట్టున జోసెఫ్ కనిపించాడు. నాలుగింటికి రిజిస్టరులో పెట్టాల్సిన సంతకం పడలేదని అడవి అడ్డదారిన వెతుక్కుంటూ వచ్చాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకొని అరిచాడు. "దిగొద్దు అంకుల్! ఆ మలుపులో ఒకటుంది, పెద్దది. పోయిన నెల మా క్యాంపు కుక్కని తీసుకుపోయింది. బండల వెనక ఎత్తు నేల ఉంది, జీపు అక్కడ పెట్టండి. రేపు మధ్యాహ్నం పాటుకి నేనొస్తా!"

మేము అలాగే చేశాం. బండల వెనక నేల గట్టిగా ఉంది, ఇసుక లేదు, తాబేలు గుడ్ల భయం లేదు. ఆరు గంటలకు ముగ్గురం జీపులో అద్దాలు మూసుకొని కూర్చున్నాం. కింద చీకట్లో నీళ్ళ చప్పుడు. బాబాయి పుల్ల ఎప్పుడో మునిగిపోయింది. భయం మరిచిపోవడానికి పిన్ని అంది, "అమ్మలూ, రాసింది సదవే. ఇందాం."

టార్చి వెలుతురులో మొదటి నుంచి చదివాను. చాథం ఫెర్రీ, దిమ్మ, నీడ. నీడ దగ్గర పిన్ని కొంచెం నవ్వింది. శుక్రవారానికి వచ్చాను. నా వేలు ఒక వాక్యం మీద ఆగింది. ఆ జీపులో తెలుగు ధారాళంగా చదవగలిగింది నేనొక్కదాన్నే. ఆ మూడు వాక్యాలూ దాటేసి 3.40 దగ్గరికి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు.

"2.35," అని చదివాను. "ఆకులు లోపలికి వెళ్తున్నాయి. 2.50. గులకరాళ్ళు మసకగా ఉన్నాయి. 3.05. జీపు చక్రాల గుర్తు సగం మునిగింది."

బాబాయి సీట్లో నా వైపు తిరిగాడు.

"రెండూ ముప్పైయయిదుకే సూశావా?" అన్నాడు బాబాయి.

"చూశాను."

"మరి సెప్పలేదేటి?"

"నవ్వుతారనుకున్నాను."

పిన్ని వెనక నుంచి నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. "ముగ్గురం మొసలి కడుపులోకి పోయాక ఎవులు సదువుతారే ఆ పుస్తకం? మొసలా?" తరువాత అదే చేత్తో నా తల నిమిరింది.

బాబాయి స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆన్చుకొని కూర్చున్నాడు. నన్నేమైనా అంటాడని ఎదురుచూశాను. చివరికి, "నిన్న హోటల్లో ఆ కుర్రోడికి కూడా సెప్పాను కదా, నీడ సంగతి," అన్నాడు. "సెప్పకుండా ఉండాల్సింది." ఆ రాత్రి గురించి నా డైరీలో ఒకే మాట ఉంది: "నిద్ర లేదు."

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకే నేను ఖాడీ గట్టుకు వెళ్ళి, దూరం నుంచి వంగి, నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చాను. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ ఇంకొకటి, ఇంకొకటి. బాబాయి ఇంజన్ వేడెక్కించి కూర్చున్నాడు. "నువ్వు సెప్పినప్పుడే బండి కదుల్తాది," అన్నాడు. ఆవలి గట్టున జోసెఫ్ పొడవాటి గెడతో, ఇంకొక మనిషిని వెంటబెట్టుకొని నిలబడ్డాడు.

నేను చెప్పింది తప్పయితే? రాత్రంతా ఆ భయమే. 2.20కి గులకరాళ్ళు కనిపించాయి. ఆకులు సముద్రం వైపు ఇంకా కొంచెం కొంచెంగా జారుతున్నాయి. మలుపు దాకా నీళ్ళ మీద ఇంకేమీ లేదు. మూడుసార్లు చూశాను.

"ఇప్పుడు," అన్నాను. వినబడలేదేమోనని మళ్ళీ అన్నాను. "ఇప్పుడు పోనివ్వండి!"

జీపు నీళ్ళు చిమ్ముకుంటూ ఒక్క ఊపున దాటింది. పిన్ని కళ్ళు తెరవకుండానే "అయిపోయిందా?" అని నాలుగుసార్లు అడిగింది. క్యాంపులో జోసెఫ్ రిజిస్టరు తెరిచాడు. శుక్రవారం నాలుగు అన్న చోట కొట్టేసి, శనివారం 3.25 అని నేను రాశాను. "రోజు కూడా రాయాల్సి వచ్చింది ఇదే మొదటిసారి, దీదీ," అన్నాడు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు మాయాబందర్ నుంచి తిరుగు ప్రయాణం. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. అడవి బాట వానల్లో నడవదు. ఎండలు ముదరకముందే వెళ్ళండి. అనుమతి కాగితం లేకుండా వెళ్ళకండి. రిజిస్టరులో నిజమైన వేళ రాయండి, అది మీ కోసం ఒక మనిషి నడిచి వచ్చే వేళ. ఇసుక పైభాగం తాబేళ్ళది, ఖాడీ మొసళ్ళది. మనకు మిగిలేది మధ్యలో తడి ఇసుక, అదీ కొన్ని గంటలే. ఆ తీరం నేను చూసిన అన్నిటికన్నా అందమైనది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అరిచేతులు చెమర్చుతాయి. రెండూ నిజమే, ఒకటి మానేసి ఒకటి రాయలేను.

రంగత్ దాటాక బాబాయి అన్నాడు, "రాసుకో. మన టూరు ఖాడీ కాడికే. ఈ ఒడ్డునే అన్నం తినిపిచ్చి వాపస్. ఆవలికి నేదు." రాసుకున్నాను.

10.40కి మిడిల్ స్ట్రెయిట్. మళ్ళీ అదే ఫెర్రీ. మా ముందు ఒక బస్సు ఎక్కింది. వెనక చక్రం వైపు చూశాను. దిమ్మ లేదు. ఫెర్రీ బయల్దేరడానికి గంట కొట్టారు. నా చేయి అలవాటుగా సంచీలో డైరీ కోసం వెళ్ళింది. పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

"భయ్యా!" అని పిలిచాను. డెక్ మనిషి తిరిగి చూశాడు. బస్సు కిటికీల్లోంచి ఇరవై మొహాలు తిరిగి చూశాయి. "చక్రానికి దిమ్మ పెట్టలేదు!"

అతను వచ్చి, వంగి, అవతలి పక్క చక్రం చూపించాడు. "అటు పెట్టాను దీదీ. మంచిదే, చూస్తూ ఉండండి." కిటికీలో ఎవరో నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. బాబాయి నవ్వలేదు. జీపు దిగి వెళ్ళి, అవతలి దిమ్మను కాలితో ఒకసారి తన్ని చూసి వచ్చాడు.

డైరీ అప్పుడు తీశాను. "10.44. చెప్పాను. దిమ్మ అవతలి పక్క ఉంది."